అమీర్‌పేట నుంచి పంజగుట్టకు

పిల్లలూ! మీలో హైదరాబాదు చూసినవాళ్ళు చాలామంది ఉంటారు. చార్మినారు ఎక్కి ఉంటారు, గోలకొండలో చప్పట్లు కొట్టి ఉంటారు, సాలార్‌జంగు మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ కోసం జనంలో మునివేళ్ళ మీద నిలబడి ఉంటారు. కాని అమీర్‌పేట చూసి వద్దామని పనిగట్టుకుని బయలుదేరేవాళ్ళు ఎవరూ ఉండరు. అది చూసే చోటు కాదు, దిగే చోటు. మన రెండు రాష్ట్రాల్లోని పల్లెటూళ్ళ నుంచి ఎంతమంది అన్నయ్యలూ, అక్కయ్యలూ ఒక సంచీ పట్టుకుని కంప్యూటరు చదువుల కోసం అక్కడ దిగారో లెక్క లేదు. మైత్రీవనం దగ్గర నిలబడి తల ఎత్తితే ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువగా కనబడతాయి.

అటువంటి అమీర్‌పేట నుంచి, దాన్ని ఆనుకుని ఉన్న పంజగుట్ట దాకా ఇవాళ మిమ్మల్ని తీసుకువెళతాను. దూరం కిలోమీటరు పైచిలుకు మాత్రమే. కాని దారిలో 250 కోట్ల ఏళ్ళనాటి రాయి ఒకటి, దీపావళి మతాబు ఒకటి, పరమాణువుల గడబిడ ఒకటి తగులుతాయి. నాతోబాటు మా మేనల్లుడు కూడా వస్తాడు. వాడు ఏడో తరగతి. కొంచెం కుంటుతున్నాడు, ఎందుకో తరవాత చెబుతాను.

మొదట అమీర్‌పేట మెట్రో స్టేషను చూడండి. 2017 నవంబరులో నగరంలో మెట్రో రైలు మొదలైనప్పటి నుంచి ఇక్కడ రెండు దారులు కలుస్తున్నాయి. మియాపూరు నుంచి ఎల్.బి.నగరు వెళ్ళేది ఎర్ర దారి; నాగోలు నుంచి రాయదుర్గం వెళ్ళేది నీలి దారి. ఈ రెండూ నేల మీద కలవవు. ఒకదాని మీదుగా మరొకటి పోతుంది. అందుచేత ఈ స్టేషను అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది. ఒక రైలు దిగినవాళ్ళు మెట్లు పట్టుకుని ఇంకో అంతస్తుకు పోతారు. కొందరు తిన్నగా కిందికి దిగి రోడ్డున పడతారు. మరికొందరు పై అంతస్తులోనే బల్ల మీద కూచుని సేద తీరుతారు. ఈ బల్ల మీద కూచున్నవాళ్ళను గుర్తు పెట్టుకోండి. మన కథకు వాళ్ళే ముఖ్యులు.

మేము రైలెక్కలేదు. "నడవగలవుట్రా?" అంటే, "మెల్లిగా అయితే నడుస్తా, మావయ్యా," అన్నాడు మావాడు. చీరల దుకాణాలు, కళ్ళజోళ్ళ దుకాణాలు, మిర్చి బజ్జీల బండ్లు దాటుకుంటూ పంజగుట్ట వైపు నడిచాము.

పంజగుట్ట అన్న పేరులో గుట్ట ఉన్నది గాని, ఇప్పుడు కళ్ళకు గుట్ట ఆనదు. అంతా మేడలే. పంజా అంటే అరచెయ్యి. ఇక్కడి గుట్ట మీద పవిత్రమైన హస్తముద్ర ఒకటి ఉండేదనీ, దాని వల్లనే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. ఆ పక్కనే ఉన్న ఇర్రంమంజిలు పేరులో కూడా ఇట్లాంటి తమాషా ఉన్నది. ఇరం అంటే పారశీకంలో స్వర్గవనం. నవాబు ఫఖ్రుల్ ముల్క్ అక్కడి గుట్ట మీద మేడ కట్టుకుని ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ నేల ఎర్రగా ఉంటుంది గనక తెలుగువాళ్ళ నోట అది "ఎర్రం మంజిల్" అయి కూచున్నది. ఇద్దరి అర్థమూ అందులో ఇమిడిపోయింది!

గుట్టలు కనబడకపోయినా, ఇళ్ళకు పునాదులు తవ్వేచోట రాయి బయటపడుతూనే ఉంటుంది. అది నల్లచుక్కలూ, గులాబి మచ్చలూ ఉన్న గ్రానైటు. హైదరాబాదు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. రాతికి జాతకం ఎవరు రాశారని అడుగుతారేమో! రాయే రాసుకున్నది. గులాబి మచ్చల్లో రుబీడియం అనే లోహం బహు కొద్దిగా ఉంటుంది. అందులో ఒక రకం, అంటే 87 అంకె గల రుబీడియం, మెల్లిమెల్లిగా స్ట్రాన్షియం అనే మరో లోహంగా మారిపోతుంది. ఎంత మెల్లిగానంటే, ఉన్నదానిలో సగం మారటానికి సుమారు 5,000 కోట్ల ఏళ్ళు పడుతుంది. రాతిలో ఎంత రుబీడియం మిగిలిందో, ఎంత స్ట్రాన్షియం పుట్టిందో కొలిస్తే వయస్సు తెలిసిపోతుంది. మన నగరంలోనే, ఉప్పలు రోడ్డున ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఇటువంటి కొలతలు చేస్తారు.

ఈ స్ట్రాన్షియం మీకు కొత్త కాదు. దీపావళి నాడు ఎర్రటి వెలుగు చిమ్మే అగ్గిపెట్టె వెలిగించారా? ఆ ఎరుపు స్ట్రాన్షియానిదే. (ఆకుపచ్చ బేరియానిది.) స్కాట్లండులో స్ట్రాన్షియన్ అనే పల్లె ఉన్నది. అక్కడి సీసపు గనిలో దొరికిన ఒక ఖనిజంలో కొత్త పదార్థం ఉన్నదని 1790లో గుర్తించారు. 1808లో హంఫ్రీ డేవీ దాన్నుంచి లోహాన్ని విడదీశాడు. పల్లె పేరే లోహానికి వచ్చింది.

భూమిలో దొరికే స్ట్రాన్షియంలో నలుగురు అన్నదమ్ములున్నారు. రసాయన గుణాల్లో నలుగురూ ఒకటే; బరువులో తేడా. వాళ్ళ అంకెలు 84, 86, 87, 88. నూరు పరమాణువులు తీసుకుంటే ఇంచుమించు 83 మంది 88లే. 86లు సుమారు పదిమంది, 87లు ఏడుగురు. 84 మటుకు రెండు వందల్లో ఒక్కడు దొరికితే గొప్ప. నలుగురూ నెమ్మదస్తులే, ఎవరి జోలికీ పోరు.

మనం తాగే నీళ్ళలో, తినే ఆకుకూరల్లో కూడా స్ట్రాన్షియం రవంత ఉంటుంది. అది కాల్షియానికి దగ్గర చుట్టం. అందుకని మన ఒంట్లోకి రాగానే కాల్షియం వెళ్ళే చోటికే, అంటే ఎముకల్లోకి వెళ్ళి కూచుంటుంది. పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం గ్రాములో మూడో వంతు ఉంటుందంటారు. పంజగుట్ట రాతిలో ఉన్నదే మన ఎముకల్లోనూ ఉన్నది!

ఎముకల మాట వచ్చింది గనక, ఇప్పుడు మావాడి సంగతి. వాడు పరుగుపందాల మనిషి. రెండు నెలలుగా మోకాలి కింద నొప్పి అంటున్నాడు. మొదట నూనె రాశారు, తరవాత కట్టు కట్టారు, ఎక్సు-రే తీశారు. ఎక్సు-రేలో ఏమీ కనబడలేదు. నొప్పి మాత్రం పోలేదు, రాత్రిళ్ళు కూడా మొదలయింది. ఇంట్లో పెద్దవాళ్ళు పైకి ఒక్క మాటా అనరు గాని, మా అక్కయ్య వంటింట్లో కళ్ళు తుడుచుకోవటం నేను చూశాను. చివరకు డాక్టరుగారు, "బోను స్కాను చేయిద్దాం," అన్నారు.

దానికి పంజగుట్ట మంచి చోటే. ఇక్కడి నిమ్స్, అంటే నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, 1960లలో ఎముకల ఆస్పత్రిగానే మొదలయింది. 1980లలో అది పెద్ద సంస్థ అయినప్పుడు దానికి మొదటి డైరెక్టరుగా వచ్చినవారు కాకర్ల సుబ్బారావుగారు. ఆయన 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, అమెరికాలో పేరు తెచ్చుకుని, తిరిగి వచ్చి ఈ ఆస్పత్రిని తీర్చిదిద్దారు, 2021లో పోయారు. ఆయన విద్య ఏమిటనుకున్నారు? ఎముకల ఎక్సు-రే చిత్రాలు చదవటం! నిమ్స్‌లో అణువైద్య విభాగం కూడా ఉన్నది. పంజగుట్ట, సోమాజీగూడ ప్రాంతంలో ఇటువంటి విభాగాలున్న ఆస్పత్రులు మరికొన్ని ఉన్నాయి. అందులో ఒకదానికి మేము చేరాము.

అక్కడ ఒక నర్సమ్మ మావాడి చేతికి చిన్న సూది వేసి, "బాబూ, మూడు గంటలు ఆగాలి. నీళ్ళు బాగా తాగు," అన్నది. తరవాత నా వంక తిరిగి, "ఇది కొంచెం రేడియో ధార్మికత ఉన్న మందు, తెలుసుగదా," అన్నది.

నాకు తెలుసు. మావాడికి తెలియదు. ఆ మాట వినగానే వాడి మొహం పాలిపోయింది. బయటి బల్ల మీద కూచున్నాక చాలాసేపటికి గాని నోరు విప్పలేదు.

"మావయ్యా, ఆ మందు నా ఎముకల్లోనే ఉండిపోతుందా?"

పిల్లలూ! ఇది చాలా సరైన ప్రశ్న. మావాడి కన్నా ముందు పెద్ద పెద్ద డాక్టర్లు అడుక్కున్న ప్రశ్న.

1960లలో ఎముకల లోపలి రోగాలు చూడటానికి డాక్టర్లు స్ట్రాన్షియాన్నే వాడేవారు. ఎముక ఎక్కడ దెబ్బ తిని మళ్ళీ కట్టుకుంటూ ఉంటుందో అక్కడికి అది ఎక్కువగా చేరుతుంది. ఆ స్ట్రాన్షియం గామా కిరణాలు విడిచేదయితే బయటినుంచే ఆ చోటు కనిపెట్టవచ్చు. ఇందుకు మొదట 85 అంకె గల స్ట్రాన్షియం వాడారు. దానితో ఒక చిక్కు. దానిలో సగం హరించటానికి 65 రోజులు పడుతుంది. ఇట్లా సగం హరించే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఏడాది గడిచినా దానిలో యాభయ్యో వంతు ఇంకా మిగిలే ఉంటుంది. అన్ని రోజులు ఎముకలో కూచుని కిరణాలు విడుస్తూ ఉంటే మంచిది కాదు గదా! అందుకని, కాన్సరు ఉన్నదని ముందే తేలినవారికి తప్ప దాన్ని ఇచ్చేవారు కారు. పిల్లలకు ఇవ్వటానికి అసలే జంకేవారు.

అప్పుడు ఆదుకున్నవాడు మరొకడు: 87-ఎం అనే స్ట్రాన్షియం. దీని అర్ధాయువు 2 గంటల 48 నిమిషాలు మాత్రమే. ఇవాళ పొద్దున ఇస్తే రేపు మధ్యాహ్నానికి వెయ్యో వంతు కూడా మిగలదు. పిల్లలకు కూడా ధైర్యంగా ఇవ్వవచ్చు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. 87 అంకె గల స్ట్రాన్షియం నెమ్మదస్తుడని ఇందాకనే చెప్పాను. మరి ఈ 87-ఎం గామా కిరణాలు ఎందుకు విడుస్తాడు? ఇద్దరూ వేరా?

ఇద్దరూ ఒకడే. అమీర్‌పేట స్టేషనును జ్ఞాపకం చేసుకోండి. రోడ్డు మీద ఉన్న మనిషీ, పై అంతస్తు బల్ల మీద కూచున్న మనిషీ ఒకే మనిషి కావచ్చు. బరువులో తేడా ఉండదు. నిలబడిన చోటు మాత్రమే వేరు. పరమాణువు నడుమ ఉండే కేంద్రకం కూడా ఇట్లాగే నేల అంతస్తులో ఉండవచ్చు, పై అంతస్తులో ఉండవచ్చు. మామూలుగా పైకి పోయిన కేంద్రకం రెప్పపాటులో వెయ్యోవంతు కూడా గడవకముందే గామా కిరణం విడిచి కిందికి దూకేస్తుంది. కాని ఎప్పుడో ఒకప్పుడు, దిగటానికి మెట్లు సరిగా లేక, అక్కడే చిక్కుబడిపోతుంది. అట్లా చిక్కుబడినదాన్ని ఐసోమరు అంటారు. అంకె పక్కన ఎం అని రాస్తే ఐసోమరన్న మాట.

మెట్లు సరిగా లేకపోవటమంటే ఏమిటి? కేంద్రకాలు బొంగరాల వంటివి. స్ట్రాన్షియం 87 నేల అంతస్తులో ఉన్నప్పుడు బాగా జోరుగా తిరుగుతుంది. దాని జోరు తొమ్మిది సగాలు అని చెబుతారు. పై అంతస్తులో ఉన్నప్పుడు ఒకే ఒక్క సగం. కిందికి దూకాలంటే విడిచే గామా కిరణమే ఆ తేడాను, అంటే నాలుగు పూర్తి వంతులను, సర్దాలి. గామా కిరణాలు ఒకటో రెండో వంతులు సులువుగా మోస్తాయి. నాలుగు వంతులు మొయ్యమంటే గంటల తరబడి తటపటాయిస్తాయి.

ఇటువంటి కేంద్రకాలు ఉండవచ్చునని 1917లో ఫ్రెడరిక్ సాడీ ఊహించాడు. 1921లో ఒట్టో హాన్ యురేనియం సంతతిలో ఒకదాన్ని పట్టుకున్నాడు. కాని అందరూ నమ్మటానికి బ్రోమిను కథ కావలసి వచ్చింది. ఇది మంచి పొడుపుకథ, వినండి.

భూమిలో దొరికే బ్రోమిను రెండు రకాలు: 79, 81. దానికి ఒక న్యూట్రాను తినిపిస్తే 80, 82 అవుతాయి. రెండు కొత్త రకాలు గనక రెండు అర్ధాయువులు కనబడాలి. కాని మూడు కనబడ్డాయి: 18 నిమిషాలు, నాలుగున్నర గంటలు, 36 గంటలు. మూడోవాడు ఎక్కడి నుంచి వచ్చాడు? 1937లో జర్మనీలో బోటే, గెంట్నర్ అనే ఇద్దరు తిరగేసి చూశారు. బ్రోమిను మీద గట్టి గామా కిరణాలు వేసి, న్యూట్రాను తినిపించటానికి బదులు ఒక న్యూట్రానును బయటికి తన్నించారు. ఇప్పుడు 79, 81 కాస్తా 78, 80 అవుతాయి. ఈసారి కూడా మూడు అర్ధాయువులే! అందులో 18 నిమిషాలదీ, నాలుగున్నర గంటలదీ మళ్ళీ ఉన్నాయి. రెండు ప్రయోగాలకూ ఉమ్మడి రకం ఏది? 80 ఒక్కటే. కనక ఆ రెండు అర్ధాయువులూ ఒక్క 80వే. ఒకే మనిషి, రెండు అంతస్తులు!

గామా కిరణంతో కేంద్రకాన్ని తన్నటమనే ఈ విద్యను 1934లో మొదటగా చేసి చూపినవారు చాడ్విక్, గోల్డ్‌హాబర్. చాడ్విక్ అంటే న్యూట్రానును కనిపెట్టినవాడు. ఆయన తరవాత లివర్‌పూలులో ఉండగా ఆయన ప్రయోగశాలలో పనిచెయ్యటానికి ఒక కాషాయాంబరధారి వచ్చాడు. ఎవరనుకున్నారు? మన భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద! సన్యాసం పుచ్చుకుని, యూరపు వెళ్ళి, ప్రేగ్ నగరంలో ఎక్సు-కిరణాల మీద పరిశోధన చేసి, ఆ తరవాత కేంద్రకాలు విడిచే కిరణాలను కొలవటంలో పడ్డాడు. 1950లలో విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, కేంద్రక పరిశోధనశాల నెలకొల్పాడు. తెలుగు కుర్రవాళ్ళు బీటా, గామా కిరణాల లెక్కలు నేర్చుకున్నది అక్కడనే. 1969లో ఆయన పోయినాక ఆ పరిశోధనశాలకు ఆయన పేరే పెట్టారు.

సరే, ఇదే తన్నుడు స్ట్రాన్షియం మీద ప్రయోగిస్తే ఏమవుతుంది? 88 ఒక న్యూట్రాను పోగొట్టుకుని 87 అవుతుంది. 86 అయితే 85 అవుతుంది. గామా కిరణానికి బలం చాలా ఉండాలి. 86 నుంచి న్యూట్రానును ఊడగొట్టాలంటే 115 లక్షల ఎలెక్ట్రాను వోల్టుల శక్తి కావాలి. టార్చిలైటులో వేసే బ్యాటరీలు సుమారు 77 లక్షలు వరసగా పేర్చితే వచ్చే తోపుడు అన్న మాట! అంత తోపుడు ఎలెక్ట్రాన్లకు యంత్రంలో ఇచ్చి, వాటిని టంగ్‌స్టను పలక మీదికి వదులుతారు. పలకలో ఎలెక్ట్రాన్లకు బ్రేకు పడుతుంది. పోయిన వేగం గామా కిరణాలుగా బయటికి వస్తుంది. కాన్సరు రోగులకు చికిత్స చేసే పెద్ద యంత్రాలు కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి.

తన్నులు తిని పుట్టిన కేంద్రకాల్లో కొన్ని తిన్నగా నేల అంతస్తుకు చేరతాయి, కొన్ని పై అంతస్తులో చిక్కుబడతాయి. ఎన్ని పైన, ఎన్ని కింద? ఈ నిష్పత్తినే శాస్త్రజ్ఞులు కొలుస్తారు. అడగటానికి సులువు, కొలవటం చూడండి ఎంత తంటాయో.

87ను కొలుద్దామా? పై అంతస్తు 87-ఎం కిరణం విడుస్తుంది గనక లెక్కపెట్టవచ్చు. నేల అంతస్తు 87 నెమ్మదస్తుడు, కిక్కురుమనడు. నోరు విప్పనివాణ్ణి ఎట్లా లెక్కపెడతారు? కనక 85ను పట్టుకోవాలి. అందులో ఇద్దరూ మాట్లాడతారు. 85-ఎం అర్ధాయువు 68 నిమిషాలు. దాని గామా కిరణం శక్తి 232 వేల ఎలెక్ట్రాను వోల్టులు. నేల అంతస్తు 85 అర్ధాయువు 65 రోజులు. దాని కిరణం 514 వేలు. యంత్రం ఆపగానే స్ట్రాన్షియం పొట్లం తీసుకుని పరుగెత్తి, ద్రవ నైట్రోజనుతో చల్లబరచిన జెర్మేనియం ముక్క ముందు పెట్టి, మొదటివాడి గొంతు వినాలి. వాడు మాయమయ్యాక తీరిగ్గా రెండోవాడి గొంతు వినాలి.

అయితే ఇందులో రెండు మోసాలున్నాయి. పై అంతస్తులో ఉన్న 85-ఎంలు ఊరికే మాయం కావు. నూటికి 87 మంది నేల అంతస్తుకే దిగుతారు, మిగిలినవాళ్ళు రుబీడియం అయిపోతారు. కనక రెండోసారి లెక్కకు వచ్చినవాళ్ళలో మొదటినుంచీ కిందే ఉన్నవాళ్ళూ ఉంటారు, మెట్లు దిగి వచ్చినవాళ్ళూ ఉంటారు. స్టేషను గేటు దగ్గర నిలబడి, బయటికి వచ్చినవాళ్ళలో ఎవరు బల్ల మీద కూచుని వచ్చారో చెప్పటం వంటిదే. ముందు పైన ఎంతమందిని లెక్కపెట్టామో దాన్నిబట్టి తీసివేత చెయ్యాలి.

రెండో మోసం ఇంకా కొంటెది. ఏ ప్రయోగశాలలో చూసినా 511 వేల శక్తి గల గామా కిరణం ఒకటి పిలవని పేరంటంగా వస్తూనే ఉంటుంది. ఎలెక్ట్రానూ, దాని ప్రతిరూపమైన పాజిట్రానూ ఢీకొని మాయమైనప్పుడు పుట్టేది అది. మనకు కావలసింది 514, వచ్చిపడేది 511! రామయ్యను పిలిస్తే రావయ్య పలికినట్టు ఉంటుంది. స్ట్రాన్షియంలోనే 84 నుంచి పుట్టే 83 ఈ పాజిట్రాన్లను విడుస్తుంది. దాని అర్ధాయువు 32 గంటలు గనక, పదిహేను రోజులు ఓపిక పడితే ఆ గొంతు సద్దుమణుగుతుంది. 85కు తొందర లేదు గదా, అప్పుడు మళ్ళీ వింటారు. ఈ పనిలో పరుగెత్తటమూ రావాలి, ఊరుకోవటమూ రావాలి.

ఇంత అవస్థపడితే తేలేదేమిటి? స్ట్రాన్షియం 86 తిరగని బొంగరం. గామా కిరణం వచ్చి దానికి ఒక వంతు జోరు మాత్రమే ఇస్తుంది. అంత కొద్ది జోరుతో తొమ్మిది సగాల నేల అంతస్తుకు చేరటం కన్నా ఒక సగం ఉన్న పై అంతస్తులో ఆగిపోవటం సులువు. కిరణం బలం పెరిగినకొద్దీ నేలకు చేరేవారి వంతు కూడా పెరుగుతుంది. ఈ పెరుగుదలను కొలిచి, కేంద్రకం లోపల మెట్లు ఎట్లా అమర్చి ఉన్నాయో ఊహిస్తారు. లోపలికి దూరి చూసినవారు ఎవరూ లేరు. గేటు దగ్గర నిలబడి జనాన్ని లెక్కపెట్టి, పైన ఎన్ని మెట్లున్నాయో చెప్పటమే ఇది!

మందులు తయారుచేసేవారికి కూడా ఈ లెక్క కావాలి. మామూలు స్ట్రాన్షియాన్ని గామా కిరణాలతో కొడితే మంచివాడైన 87-ఎంతో బాటు మొండివాడైన 85 కూడా పుడతాడు. ఎవరు ఎంత పుడతారో తెలియకుండా ఒక పిల్లవాడి ఎముకలోకి దాన్ని ఎట్లా పంపుతారు?

ఇవన్నీ మావాడికి చెప్పి, "నీకు ఎక్కించింది స్ట్రాన్షియం కూడా కాదురా," అన్నాను. 1971లో మన దేశం నుంచి అమెరికా వెళ్ళిన జి. సుబ్రమణియన్, ఆయనతో పనిచేసిన మెకాఫీ అనే డాక్టరూ కలిసి, టెక్నీషియం 99-ఎంను ఫాస్ఫేటుతో జతకలిపి ఎముకలకు పంపే ఉపాయం కనిపెట్టారు. అప్పటినుంచి స్ట్రాన్షియం స్కానులు వెనకబడ్డాయి. చూశారా, ఇక్కడ కూడా ఎం ఉన్నది. ఇదీ ఐసోమరే! దీని అర్ధాయువు 6 గంటలు. ఆరు గంటల సరుకును దూరం నుంచి తెచ్చి నిలవ చెయ్యలేరు. అందుకని 66 గంటల అర్ధాయువు గల దాని తల్లిని, అంటే మాలిబ్డినం 99ని, సీసపు డబ్బాలో పెట్టి పంపుతారు. ఆస్పత్రివాళ్ళు రోజూ పొద్దున్నే అందులోకి ఉప్పునీళ్ళు పంపి టెక్నీషియాన్ని దించుకుంటారు. దీన్ని వాళ్ళు పాలు పితకటం అంటారు. పాడి ఆగిపోతే ఎంత కష్టమో 2009లో తెలిసివచ్చింది. కెనడాలోని ఒక పాత రియాక్టరు ఏడాది పైగా మూతబడేసరికి అనేక దేశాల్లో స్కానులు వాయిదా పడ్డాయి. అప్పటినుంచి రియాక్టరు లేకుండా, మాలిబ్డినం 100 మీద గామా కిరణాలు వేసి ఒక న్యూట్రానును తన్నించి 99 తయారుచేసే పద్ధతి మీద శ్రద్ధ పెరిగింది. బోటే, గెంట్నర్ల తన్నుడే!

మావాడు వింటూ, మూడు సీసాల నీళ్ళు తాగాడు. తరవాత అడిగాడు: "ఆరు గంటలకు సగం అయితే, రేపు ఈ వేళకు?"

"నువ్వే చెప్పు."

"సగం, పావు, అరపావు, పదహారో వంతు." కాసేపు వేళ్ళు ముడిచి, "ఎల్లుండి ఈ వేళకు రెండు వందల యాభై ఆరో వంతు," అన్నాడు.

"నీళ్ళతో పోయేది పోగా ఇంకా తక్కువే."

మూడు గంటలయ్యాక పిలిచారు. బల్ల మీద వాణ్ణి పడుకోబెట్టి, పైన ఒక వెడల్పాటి పలకను మెల్లిగా జరిపారు. అది ఎక్సు-రే యంత్రం వంటిది కాదు. అది ఏమీ విడవదు. వాడి ఎముకల్లోంచి వచ్చే గామా కిరణాలనే అందుకుంటుంది. తెర మీద చుక్క చుక్కగా వాడి అస్తిపంజరం పుట్టుకొచ్చింది. ఎడమ కాలి ముందరి ఎముక మీద, ఒక్క చోట, చుక్కలు గుంపు కట్టాయి. నాకు గుండె ఝల్లుమన్నది. డాక్టరుగారు మటుకు తాపీగా చూసి, ఒళ్ళంతా మళ్ళీ ఒకసారి చూసి, "ఇంకెక్కడా లేదు. పరుగు ఎక్కువై ఎముకకు వెంట్రుకంత బీట పడింది. ఎక్సు-రేకు అందలేదు. నెలా పదిహేను రోజులు పరుగు కట్టిపెట్టాలి," అన్నారు.

నేను బయటికి వచ్చి మా అక్కయ్యకు ఫోను చేశాను. అటునుంచి చాలాసేపు మాట రాలేదు.

తిరుగు దారి నడవనివ్వలేదు. పంజగుట్టలో మెట్రో ఎక్కితే వచ్చే స్టేషనే అమీర్‌పేట. అక్కడ దిగాము. జనం మా పక్కనుంచి బిలబిలా మెట్లు దిగిపోతున్నారు. నేనూ రెండు మెట్లు దిగి వెనక్కు చూద్దును గదా, మావాడు లేడు. పై అంతస్తులోనే, బల్ల మీద కాలు చాపుకుని కూచున్నాడు.

"ఏమిట్రా?" అన్నాను.

"నేను ఐసోమరును, మావయ్యా," అన్నాడు. "కాసేపాగి దిగుతాను."